కోడుమూరు మీద మూడు చుట్లు

నా మొగుడు విమానం ఎక్కినవాడు. ఈ మాట అంటే మా మనవరాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వుతారు. "అవ్వా, కోతలు కోయొద్దు" అంటారు. కోతలేమీ కాదు. నలభై ఆరో సంవత్సరం ఎలక్షన్ల కాలంలో, శివరాత్రికి ముందు, రోజూ తెల్లారి ఎక్కి, ఎండ ముదిరేలోపల దిగేవాడు. ఆఖరి రోజు మాత్రం దిగలేదు, పడ్డాడు.

ఆయన పేరు హుసేన్ వలి. కర్నూలులో టూరింగ్ టాకీసు డేరా వాళ్లకు దండోరా వేసేవాడు. జట్కాకు రెండు పక్కలా బొమ్మల అట్టలు కట్టి, ఒళ్లో తప్పెట పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి నోటీసులు పంచేవాడు. ఏ ఊరినీ ఒక్కసారి చుట్టి వచ్చే రకం కాదు. "మొదటి సుట్టు చెవులకు, రెండో సుట్టు కాళ్లకు, మూడో సుట్టు చేతులకు" అనేవాడు. మొదటిసారి జనం వింటారట, రెండోసారి వాకిలి దాటి వస్తారట, మూడోసారి విసిరితేనే కాగితం చేతికి అందుతుందట. అంతకు ముందు విసిరిందంతా పేడకుప్పల పాలే. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. ఇంట్లో నన్ను అన్నం పెట్టమని అడిగినా మూడుసార్లు అడిగేవాడు, నేను మొదటిసారికే పెట్టినా సరే.

మా అమ్మ బీబమ్మకు ఈ అల్లుడు గిట్టేవాడు కాదు. ఆమెది కోడుమూరు, గాజుల వ్యాపారం. వచ్చిన ప్రతి ఆడమనిషికీ గాజులు తొడుగుతూ, "నా కూతుర్ని తప్పెటగానికి ఇచ్చినా తల్లీ, నా ఖర్మ" అని చెప్పేది. ఆయన జట్కా కోడుమూరు పోతే అమ్మ తలుపు వేసుకునేది. ఈయన కూడా మూడు చుట్లూ ఆ వీధిని తప్పించి తిరిగి వచ్చేవాడు. ఇంటికి వచ్చాక నాకు చెబితే నేను నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు. మా ఇంట్లో అదో వేళాకోళం.

ఆ మాఘమాసంలో గోపన్న మా ఇంటికి వచ్చాడు. పత్తిమిల్లు దొర ఎలక్షన్లో నిలబడ్డాడు, గోపన్న ఆయనకు ఏజెంటు. అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

"వలీ, ఈ పక్కన నువ్వు తిరగని ఊరు యాడన్నా ఉండాదా?"

"లేదన్నా. ఎందుకట్ల అడుగుతాండావు?"

"పైనుంచి చూస్తే గుర్తుపడ్తావా?"

"యా పైనుంచి? మిద్దె పైనుంచా?"

"మోడాల పైనుంచప్పా, ఆకాశంలో నుంచి. దొర మద్రాసు నుంచి విమానం తెప్పిస్తాండాడు. తోలేటోనికి మన ఊళ్లు తెలీవు. నువ్వు ముందు కూచోని దావ చూపిచ్చల్ల, నోటీసులు ఇసరల్ల."

మా ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. నేను పొయ్యి కాడి నుంచే అన్నాను: "మా ఇంట్లో ఎవురికీ ఓటు లేదు గదా గోపన్నా, సావడానికి మాత్రం మేమే దొరికినామా?"

"సావేంది మాబున్నీ, అపశకునం మాటలు! నీ మొగుడు నవాబు మాదిరి పోయొస్తాడు."

ఓట్లు భూమి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు. మాకూ లేదు, పక్కింటి దాసన్నకూ లేదు. ఆ దాసన్నను కూడా గోపన్న ఈ పనిలోకే పిలిచాడు. దాసన్నదీ మాదీ గోడకు గోడ. యుద్ధంలో లేబరు కంపెనీలో చేరి అస్సాం దాకా పోయి వచ్చినవాడు, విమానాలకు పెట్రోలు పోయడం అక్కడే నేర్చాడు. అప్పుడు పెట్రోలు కంట్రోలు సరుకు, పర్మిట్టు లేకుండా ఒక్క డబ్బా దొరికినా జైలే. ఓర్వకల్లు దారిలో దొర తన బీడును విమానం దిగేందుకు చదును చేయించి, కొట్టం వేయించి, డబ్బాలు అందులో పెట్టించి, తాళంచెవి దాసన్న చేతికిచ్చాడు. దాసన్న పెండ్లాం ప్రేమమ్మ పెద్దాస్పత్రిలో ఆయా. మా ఇంట్లో పొట్టేలు కూర వండితే ఒక గిన్నె గోడ మీది నుంచి అటు పోయేది, వాళ్ల క్రిస్మస్ కజ్జికాయలు ఇటు వచ్చేవి.

విమానం చూడటానికి ఓర్వకల్లు, నన్నూరు జనమంతా కదిలింది. నేనూ పోయాను. యుద్ధంలో పని చేసి పాతబడిన చిన్న విమానం, గుడ్డతో కప్పిన రెక్కలు, పైన కప్పు లేదు, ముందొకరు వెనకొకరు కూర్చోవాలి. తోలే కుర్రాడి పేరు వరదన్. మద్రాసు పిల్లవాడు, యుద్ధం నుంచి వచ్చినవాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. వెనక సీటు ఆయనది. ముందు సీటులో నా మొగుడు, కాళ్ల మధ్య నోటీసుల మూటలు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంది.

సాయంత్రం మా ఆయన ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. జొన్నరొట్టె, ఎండుమిరపకాయలు వేసి నూరిన చెనిక్కాయల ఊరిమిండి పెట్టాను. ఒక్క ముద్ద తినేసరికి కళ్లలో నీళ్లు కారాయి. చెంబెడు నీళ్లు తాగి, వచ్చీరాని తెలుగులో, "అక్కా, ఇది విమానంలో పోస్తే పెట్రోలు అక్కరలేదు" అన్నాడు. అని మళ్లీ అదే కావాలన్నాడు. ఆ రోజు నుంచి రోజూ మా ఇంట్లోనే తిన్నాడు. కులమేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మొదటి రోజే మా ఆయన తన పద్ధతి పెట్టాడు. నన్నూరు మీద మూడు చుట్లు తిప్పించాడు. తక్కిన ఊళ్ల మీద ఒక్కో చుట్టుతో పోనిచ్చాడు వరదన్. అంతే, మరునాడు ఉల్లిందకొండ పెద్దలు బండి కట్టుకుని దొర ఇంటి ముందు దిగారు.

"నన్నూరికి మూడు సుట్లు, మాకొగటా? మేమేమన్నా దిక్కులేని ఊరోళ్లమా సామీ? ఉంచుకో నీ నోటీసులు" అని కట్ట తెచ్చి అరుగు మీద పడేశారు.

పీర్లపండగలో పీరు ఒక వీధిలో ఆగి ఇంకో వీధిలో ఆగకపోతే కట్టెలు లేచే ఊళ్లు మావి. దొరకు ఆ సంగతి తెలుసు. ఏ ఊరికైనా మూడు చుట్లే అని హుకుం చేశాడు. వరదన్ వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుని, అట్లయితే రోజుకు తక్కువ ఊళ్లు చేస్తానన్నాడు. సరే అంటే సరే అన్నారు. తిరిగినన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ రోజుల్లో నా మొగుడి నడకే మారిపోయింది. బజారులో జనం పిలిచి టీ ఇచ్చేవాళ్లు. పైనుంచి తుంగభద్ర ఎట్లా కనపడుతుందో, హంద్రీ ఎట్లా కనపడుతుందో చేతులు తిప్పి చెప్పేవాడు. నేను కోడుమూరు పోయే బస్సు డ్రైవరుతో అమ్మకు కబురు పెట్టాను, నీ అల్లుడు విమానంలో తిరుగుతున్నాడని. డ్రైవరు మరునాడు జవాబు తెచ్చాడు.

"మీ అమ్మ నమ్మలేదు మాబున్నక్కా. 'వాని మొహానికి విమానమా, తుడిసే పనిలో పెట్టుకోనుంటారులే' అనె."

మా ఆయన శానా నవ్వాడు. తొడ చరుచుకుని మరీ నవ్వాడు. ఎప్పుడూ నవ్వే మాటే, కానీ అంత నవ్వు నాకు బాగా అనిపించలేదు.

ఆఖరి రోజు పొద్దున వరదన్ రొట్టె కట్టించుకుని పోయాడు. మధ్యాహ్నం తిని మద్రాసు రైలెక్కుతానన్నాడు. నేనూ ప్రేమమ్మా మా వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాం. రోజూ ఎండ నడినెత్తికి రాకముందే ఊరి పక్కగా విమానం చప్పుడు వినపడేది. ఆ రోజు వినపడలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ప్రేమమ్మ రెండుసార్లు తలెత్తి చూసింది. అప్పుడు సైకిలు మీద ఒకడు వచ్చి, విమానం గూడూరు ఇవతల చేలో పడిందని చెప్పాడు.

జట్కాలో పోయాం. ఆ దారంతా నేను అల్లాను తిట్టాను, దొరను తిట్టాను, గోపన్నను ఏడు తరాల వరకు తిట్టాను. మేము పోయేసరికి విమానం ఒక రాతిగట్టుకు ముక్కు ఆనించి, తోక పైకెత్తి ఉంది. గట్టు లేకపోతే ఆ పిల్లవాడు బతికేవాడని అందరూ అన్నారు. వరదన్ మీద ఎవరో రైతు తన పంచె కప్పాడు. నా మొగుణ్ణి బండిలో గడ్డి మీద పడుకోబెట్టారు. తుంటి ఎముక విరిగింది, తొడ ఎముక విరిగింది, తల పగిలింది, ప్రాణం ఉంది.

కానిస్టేబులు నాతో అన్నాడు: "అదృష్టవంతురాలివమ్మా. దీంట్లో సుక్క పెట్రోలు లేదు. ఉంటే బూడిద ఏరుకుంటాంటివి."

నేను అల్లాకు దండం పెట్టుకున్నాను. పెట్రోలు ఎందుకు లేదు అని నాకు ఆ వేళ తోచనే లేదు.

గోపన్నకు తోచింది. పొద్దుగూకకముందే పోలీసులు బీడులోకి పోయి దాసన్నను పట్టుకున్నారు. అవతలి పార్టీవాళ్లు లంచమిచ్చి పెట్రోలు దొంగిలింపజేశారనీ, సగం ట్యాంకుతో విమానాన్ని పంపించి పసివాణ్ణి చంపారనీ దొర మనుషులు ఊరూరా చెప్పారు. దొర వరదన్ ఫోటో పెట్టి నోటీసులు వేయించాడు. ఓట్లు పడ్డాయి, దొర గెలిచాడు. గెలిచాక దాసన్న సంగతి ఏమిటని అడిగితే గోపన్న, "కేసు కేసే గదా" అన్నాడు. దొంగతనం, కంట్రోలు పెట్రోలు, పైగా ఒక మనిషి చావు. రుజువైతే దాసన్న తల నెరిసేదాకా బయటికి రాడని వకీలు గుమాస్తా ప్రేమమ్మతో చెప్పాడు.

ట్యాంకు నిండిందో లేదో చూసినవాళ్లు ముగ్గురే. వరదన్ పోయాడు. దాసన్న మాట దొంగ మాట అయిపోయింది. మిగిలింది నా మొగుడు.

ఆయన పెద్దాస్పత్రిలో కాలికి ఇసుకమూట వేలాడదీసుకుని, గోడ వైపు మొహం తిప్పుకుని పడుకున్నాడు. ఆ వార్డు ఆయా ప్రేమమ్మే. తన మొగుడు సబ్‌జైలులో ఉంటే, నా మొగుడి పక్కగుడ్డలు మార్చేది, ఒళ్లు తుడిచేది, ముంత పెట్టేది, తీసేది. పని అయిపోయాక అన్నం మూట కట్టుకుని జైలు వాకిట్లో నిలబడేది. మీ ఆయనతో నిజం చెప్పించు అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి తిట్టినా నాకు తేలికగా ఉండేది.

గోపన్న బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"మద్రాసు నుంచి ఆఫీసరు వస్తాండాడు వలీ. ఒక్క మాట సాలు. 'అన్ని డబ్బాలూ పోయలేదు, నేను చూసినా' అను. దొర నిన్ను ఇడిసిపెట్టడు. టాకీసు డేరా గాదు, టాకీసే నీకప్పజెప్తాడు."

గోపన్న పోయాక నేను తగులుకున్నాను.

"ఏమయ్యా, దాసన్న పోసినాడా లేదా?"

"పోసినాడు."

"అంతా?"

"అంతా. పొంగి రెక్క మీద కారింది."

"మరి ఆ మాట చెప్పను నోరు రాదా?"

"చెప్తా. చెప్తే, మరి యాడ పోయింది అంటారు."

"సుట్లలో పోయింది అను. దొర తిరగమన్నాడు, తిరిగినాం అను. దొర తల దొర తడుముకుంటాడు."

ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండింది. "ఊరూరా చాటే నోరు గోడపక్కోనికి పనికిరాకపాయెనా? థూ, నీ బతుకు!" అన్నాను. వార్డంతా విన్నది. ప్రేమమ్మ బకెట్టు ఎత్తుకుని బయటికి పోయింది.

మరునాడు మా అమ్మ వచ్చింది. పెళ్లయినాక ఆమె అల్లుణ్ణి చూడటానికి రావడం అదే మొదటిసారి. వార్డు గుమ్మంలో నిలబడి, "యాడున్నాడు నా అల్లుడు? ఇమానంలో తిరిగినాయన!" అని కేక పెట్టింది. పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

"నా మిద్దె మీదనే తిరిగినాడమ్మా! ఒగసారి గాదు, మూడుసార్లు! చింతమానంత ఎత్తున. పేరు పెట్టి పిలిసినాడు, వంగి సలాం చేసినాడు. పక్కింటి నాగలక్ష్మమ్మ నోట్లో ఈగ పోయినా తెలీలేదు. కోడుమూరులో ఎవురి అల్లుడన్నా వచ్చినాడా ఇట్ల?"

మంచం పక్కన కూర్చుని ఆయన నుదురు నిమిరింది. నేను కళ్లారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు. గాజుల మూట విప్పి నర్సులకు ఊరికే గాజులు తొడిగింది. తొడిగిన ప్రతి చేతికీ ఆ కథ మళ్లీ చెప్పింది. మా ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఇన్నేళ్లకు అత్త నోట మంచిమాట వింటున్నాడు కదా, సంతోషం పట్టలేకున్నాడేమో అనుకున్నాను.

ప్రేమమ్మ పక్క మంచం గుడ్డలు తీస్తూ అంతా విన్నది. "మూడు సుట్లు తిరిగిందా బీబమ్మత్తా, మీ ఊరి మీద?" అని అడిగింది.

"తిరిగింది మే! నేను సూసినా అంటాండా గదా!"

"మీ ఊరు శానా దూరం గదా. అంత దూరం వచ్చి, మూడు సుట్లు తిరిగిందంటే, మా ఆయన పెట్రోలు బాగనే పోసింటాడు."

అమ్మకు ఆ మాట చెవికెక్కలేదు, ఇంకో చేతికి గాజులు వెతుకుతోంది. ప్రేమమ్మ మా ఆయన వైపు చూడలేదు. దుప్పటి దులిపి మడత పెట్టుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం ప్రేమమ్మ ఆయన్ను పక్కకు తిప్పి వీపు కడుగుతోంది. పుండ్లు పడకుండా రోజూ కడగాలి. నేను ఆయన తల పట్టుకున్నాను. కడుగుతూ కడుగుతూ ఆమె చెయ్యి ఆగింది.

"మా ఆయన కాళ్లు బాగా వాచిండాయి మాబున్నీ. కొట్టినారంట. ఏడినీళ్లతో కాపడం పెడ్తానంటే లోపలికి ఇడిసిపెట్టలే" అని నాతో అన్నది. గుడ్డ మళ్లీ తడిపి పిండుకుని, మిగిలిన వీపు కడిగింది.

ఆ సాయంత్రం మా ఆయన నన్ను పిలిచాడు. "మాబున్నీ, మంగలాయన్ను పిలుసుకోని రా. గడ్డం గీయించుకోవల్ల. రేపు మద్రాసు ఆఫీసరు వస్తాడంట గదా" అన్నాడు. ఆ ఒక్కసారే చెప్పాడు.

విచారణ ముసాఫిరు బంగళాలో పెట్టారు. నులకమంచంతో సహా ఆయన్ను మోసుకుపోయారు. హాల్లో ఆఫీసరు, పక్కన తెలుగు తెలిసిన గుమాస్తా, ఒక మూల గోపన్న. ఇంకో కుర్చీలో తెల్ల తలపాగా పెట్టుకున్న ముసలాయన, మోకాళ్ల మధ్య గొడుగు. వరదన్ నాయన ఆయనే అన్నారు. మా అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. నేనూ అమ్మా ప్రేమమ్మా వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాం.

అడగకముందే మొదలుపెట్టాడు మా ఆయన. దండోరా గొంతు, బంగళా గేటు దాకా వినపడింది.

"దాసన్న అన్ని డబ్బాలూ పోసినాడు సామీ. తోలుగుడ్డలో వడగట్టి పోసినాడు. వరదన్ సామి రెక్కనెక్కి సొంతంగా సూసుకున్యాడు. నేనూ సూసినా. పొంగి కారింది. దాసన్న దొంగ గాదు."

"తలకు దెబ్బ తగిలింది సార్, ఏదేదో అంటాండాడు" అని గోపన్న లేచాడు. ఆఫీసరు చేత్తోనే కూర్చోమన్నాడు.

"మరి పెట్రోలు ఏమయింది?" అని గుమాస్తా అడిగాడు.

ఇప్పుడు దొర పేరు చెబుతాడు అనుకున్నాను. కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకున్నాను.

"దొర చెప్పిన ఊళ్లు గూడూరుతో అయిపోయినాయి సామీ. గూడూరు మీద మూడో సుట్టు కాంగనే వరదన్ సామి గొట్టంలో చెప్పినాడు, ఇంటికి పోనీకి సరిగ్గా సరిపోతాది, ఇంక పోదామని. నేను కోడుమూరు పోదామన్యా. వద్దన్యాడు. 'ఒక్క ఊరు సామీ, నీకు రోజూ రొట్టె పెట్టే అక్క పుట్టిన ఊరు' అన్యా. అప్పుడు సరే అన్యాడు."

గుమాస్తా ఇంగ్లీషులో చెప్పడం ఆపి ఆయన వైపు చూశాడు.

"కోడుమూరు పొమ్మని దొర చెప్పాడా?"

"లేదు. అది అవతలి పార్టీ ఊరు."

"మరెందుకు?"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పాడు.

"మా అత్తకు సూపియ్యల్లని."

నా పక్కన అమ్మ కదల్లేదు. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

"ఒక్క చుట్టుతో తిరిగి రావచ్చు కదా?"

"రావచ్చు సామీ. ఆయన అదే అడిగినాడు. నేను మూడు అన్యా. నాకు ముందునుంచి అదే అలవాటు. మొదటి సుట్టుకు ఆమె యాడుందో కనపడలే. రెండోదానికి మిద్దె ఎక్కింది. మూడోదానికి నన్ను సూసింది. తిరుక్కోని వస్తాంటే గూడూరు దాటినాక ఇంజను నిలిచిపాయ. దాసన్నది తప్పు లేదు. నాది."

వరదన్ నాయన గుమాస్తాతో నెమ్మదిగా ఏదో అన్నాడు. గుమాస్తా తెలుగులో అడిగాడు: "ఇంజను ఆగినాక మా పిల్లవాడు నిన్ను తిట్టాడా, అంటున్నారు."

"లేదు సామీ. 'అన్నా, తల దించుకో' అన్యాడు. నేను దించుకున్యా. ఆయన దించుకుంటే తోలేదెవురు?"

ముసలాయన తల ఊపాడు. మా ఆయన ఇంకా ఆయన వైపే చూస్తూ, "అంతకు ముందు బాగ నవ్వినాడు సామీ. మిద్దె మీద మా అత్త కొంగు ఊపితే, ఆయన గూడా చెయ్యి ఊపినాడు" అన్నాడు. ముసలాయన గొడుగు తీసుకుని లేచి, మంచం దగ్గర కాస్త ఆగి, బయటికి పోయాడు. వరండాలో మా పక్కనుంచే పోయాడు. అమ్మ తల మీది కొంగు మొహం మీదికి లాక్కుంది.

రోజూ రొట్టె పెట్టే అక్క అని నన్ను చూపించి అడిగాడట. ఆ మాటకు నాకు ఎంత ఏడుపు వచ్చిందో, అంత కోపమూ వచ్చింది. రాత్రి ఆస్పత్రిలో ఆయనకు గంజి పోస్తుంటే, "చెప్పినా గదా" అన్నాడు. "చెప్పినావు, తాగు" అన్నాను.

దాసన్నను వెంటనే వదల్లేదు. ఆఫీసరు మద్రాసు పోయి రాయాలి, అక్కడి నుంచి కాగితం రావాలి. ఈలోపల మా ఆయన్ను మంచంతో సహా ఇంటికి తెచ్చుకున్నాం. కాలు పొట్టిదయిపోయింది, ఇక జట్కా ఎక్కేది లేదని డాక్టరు చెప్పాడు. టాకీసు వాళ్లు వేరేవాణ్ణి పెట్టుకున్నారు. నేను బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. అమ్మ కోడుమూరు పోలేదు, మా ఇంట్లోనే ఉండిపోయింది. అల్లుడికి తానే వండిపెట్టేది, తానే తినిపించేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. గాజుల మూట ఒక మూలన పడి ఉండేది.

మామిడికాయలు దిగే రోజుల్లో దాసన్న వచ్చాడు. గోడ అవతల ప్రేమమ్మ ఏడుపు వినపడింది, తర్వాత ఆమె పాట వినపడింది. కాసేపటికి దాసన్న గోడ పట్టుకుని నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. సగమయ్యాడు. పాదాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. మా ఆయన మంచం మీద లేచి కూర్చోబోయి, లేవలేక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"ఊరుకో వలీ, ఊరుకో" అంటూ దాసన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను నీళ్లిచ్చాను. తాగాడు. నాకు భయంగానే ఉంది. ఒక దెబ్బ కొట్టినా నేను అడ్డం పోదలుచుకోలేదు.

దాసన్న మా అమ్మ వైపు తిరిగాడు. అమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో కొర్రబియ్యం చెరుగుతోంది.

"బీబమ్మత్తా, జైల్లో గూడా చెప్పుకుంటాండ్రి, నీ మిద్దె మీద ఇమానం తిరిగిందంట గదా. చింతమానంత ఎత్తున వచ్చిందంట. నిజంగా మూడు సుట్లు తిరిగెనా?"

దెప్పడానికి అడగలేదు. తాను పోసిన పెట్రోలు ఎంత దూరం పోయిందో వినాలని అడిగాడు, ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు.

అమ్మ చేట ఆపలేదు.

"నేను సూడలే నాయనా. నాకు కండ్లు ఆనవు" అన్నది.

అని, కొర్రల్లోంచి గింజంత రాయి ఒకటి ఏరి వాకిట్లోకి పారేసింది.